కోడి తినని చింతపిక్క

ఎండాకాలం వస్తే హిందూపురం మార్కెట్ యార్డులో గాలి కూడా పుల్లగానే ఉంటుంది. మడకశిర, రొళ్ల, పెనుకొండ వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు పల్లెల నుంచి చింతపండు వచ్చి కుప్పలు పడుతుంది. మంచి ధర పలికే కరిపులి ఒక పక్క, అంతకన్నా తక్కువకు పోయే ఫ్లవర్ రకం ఇంకో పక్క. కొనేవాడు గుప్పెడు తీసి నలిపి చూస్తాడు. పిక్క, నార తగిలాయంటే బేరం కిందికి దిగుతుంది.

మరి ఆ పిక్కలు ఎక్కడికి పోతాయి? చింతకాయను తూకం వేస్తే అందులో సుమారు 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ, మిగిలింది పెంకూ నారా. అంటే మూడో వంతు సరుకు యార్డు గడప తొక్కనే తొక్కదు. అరుగుల మీద ఆడవాళ్లు పెంకు ఊడదీసి, పండును రాతి మీద పెట్టి సుత్తితో చిన్న దెబ్బ వేస్తారు. పిక్క జారి పడుతుంది, పండు గంపలోకి పోతుంది. సాయంత్రానికి పిక్కల కుప్ప మోకాలెత్తు లేస్తుంది.

పిల్లలు వామనగుంటలకు పిడికెడు పట్టుకుపోయేవాళ్లు. కరువు రోజుల్లో వేయించి తిన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఈ సీమలో పిక్కకు అసలు గిరాకీ కంబళి మగ్గాలది. 1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు చేరిందని బడి పిల్లలందరికీ తెలుసు. ఈ సీమ పల్లెల్లో గొర్రెలు కాసి, ఉన్ని వడికి, కంబళ్లు నేసిన కురుబల సంగతి అంతగా తెలియదు. వాళ్లు చింతగింజల పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గంజి కాచి, పరిచిన పడుగుకు కుంచెతో పూసేవాళ్లు. ముతక ఉన్ని దారం ఆ గంజి పట్టి ఆరాకే మగ్గం దెబ్బకు తెగకుండా నిలిచేది.

ఈ కిటుకు మిల్లులకు చేరడానికి ప్రపంచ యుద్ధం రావాల్సి వచ్చింది. 1942-43లో మిల్లులు నూలు గంజికి కొత్త సరుకు వెతుక్కున్నాయి. అప్పటికే డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఘోష్, కృష్ణ అనే శాస్త్రవేత్తలు చింతగింజలోని జిగురు మీద పనిచేస్తున్నారు. గింజల పిండి నూలుకు బాగా పనికొస్తుందని తేలింది. అప్పటిదాకా కురుబల కుండలో ఉడికిన గంజి బట్టల మిల్లులకూ, జనపనార మిల్లులకూ పాకింది. ఆ తర్వాత జపాన్‌వాళ్లు అదే జిగురును శుద్ధి చేసి సాస్‌లు, ఐస్‌క్రీములు చిక్కబడడానికి వాడుకున్నారు.

ఇంత దూరం పోయిన పిక్క పక్కనే ఉన్న కోళ్ల షెడ్డు లోపలికి మాత్రం పోలేకపోయింది. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 గ్రాములకు పైగానే మేత తింటుంది. మొక్కజొన్న, సోయా ధరలు పెరిగినప్పుడల్లా మేత కలిపేవాళ్ల చూపు చవక సరుకుల మీద పడుతుంది. చింతపిక్క పప్పులో మాంసకృత్తులు బాగానే ఉన్నాయి కదా, వేస్తే పోలా అనిపించడం సహజం. 1989లో చింతగింజల మేత పెట్టి బ్రాయిలర్ కోడిపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లలు మేత తగ్గించాయి, నీళ్లు ఎక్కువ తాగాయి, సరిగా ఎదగలేదు. గింజ పైపొట్టు నిండా టానిన్లు. పొట్టు తీసినా లోపలి జిగురు పోదు, అది పేగుల్లో చిక్కబడి మేతను అరగనివ్వదు. దారాన్ని గట్టిపరిచిన గుణమే కోడికి చేటయింది!

తమాషా ఏమిటంటే, ఇదే సీమలో దీనికి తిరగేసిన వ్యవహారం ఇంకొకటి నడుస్తోంది. చింతచెట్టు తుక్కు మగ్గానికి పోతే, మగ్గం తుక్కు కోడికి పోతుంది. మైసూరులో టిప్పు సుల్తాన్ ప్రోత్సహించిన పట్టు ఈ వైపుకూ పాకి, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుగా ఎదిగింది. పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. ధర్మవరం చీరలకు పట్టు కావాలి. పట్టు కావాలంటే గూళ్లను వేడినీళ్లలో వేసి దారం లాగాలి. పచ్చి గూడు బరువులో దాదాపు 80 శాతం లోపలి పురుగుదే. దారమంతా ఊడాక తొట్టెలో ఆ పురుగులే గోధుమరంగు ప్యూపాలుగా తేలుతుంటాయి. ఒక్కసారి ఆ వాసన పీల్చినవాడు మర్చిపోడు.

ఎండబెట్టిన ప్యూపాలో సగానికి సగం మాంసకృత్తులే. కోడికి పురుగు ఎవరూ అలవాటు చెయ్యక్కర్లేదు. చిక్కల్లా నూనెతోనే: అది నిలవుంటే ముక్కిపోతుంది, మేతలో మోతాదు మించితే గుడ్డుకూ ఆ కంపు పడుతుంది. అందుకే నూనె పిండేసిన ప్యూపా పిండికే మేత తయారీలో గిరాకీ. పల్లెలో పెరటి కోడికి ఈ లెక్కలేవీ పట్టవు. చింతపిక్కల కుప్పను కాలితో కెలికి, పిక్కను వదిలేసి, కింద దాక్కున్న పురుగును ముక్కున కరుచుకుని పోతుంది.