తరిగిపోయే నోటు: ఒక చిన్న పట్టణం కథ



మన ఊళ్లలో మునిసిపాలిటీ మాట ఎత్తగానే ముందు గుర్తుకొచ్చేవి గుంతలు పడ్డ రోడ్డు, వెలగని వీధిదీపం, పొంగిన మురుగుకాలువ. వెళ్లి అడిగితే వచ్చే జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు: "నిధులు లేవండీ." ఈ జవాబు మన దేశం ఒక్కదానిదే కాదు. 1932లో ఆస్ట్రియా దేశంలోని వోర్గల్ అనే చిన్న పట్టణం కౌన్సిల్ కూడా ఇదే మాట చెప్పి చేతులు దులుపుకోవలసిన స్థితిలో పడింది. అలా దులుపుకోకుండా అది ఏం చేసిందో, చివరికి ఏమయిందో ఈ ప్రసంగంలో మీకు చెబుతాను.

1929 అక్టోబరులో న్యూయార్కులో వాటాల ధరలు కూలాయి. దాని వెంట వచ్చిన ఆర్థిక మాంద్యం గురించి పెద్దల నోట వినే ఉంటారు. అప్పటి మద్రాసు రాజధానిలో వరి ధర సగానికి దగ్గరగా దిగజారింది. ధర దిగింది కానీ సర్కారు శిస్తు దిగలేదు, షావుకారు వడ్డీ దిగలేదు. రైతు చేతికి రూపాయి రావడమే గగనమయింది. ఐరోపాలో దెబ్బ మరో రకంగా తగిలింది. 1931 మే నెలలో వియన్నాలోని క్రెడిటాన్‌స్టాల్ట్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. డెబ్బై లక్షలకు కాస్త తక్కువ జనం ఉన్న ఆ దేశంలో పని లేనివాళ్ల సంఖ్య ఐదు లక్షలు దాటింది.

వోర్గల్ పశ్చిమ ఆస్ట్రియాలో, టిరోల్ రాష్ట్రంలో, ఇన్ నది లోయలో ఉంది. అప్పటి జనాభా నాలుగు వేల పైచిలుకు, అంటే మన లెక్కలో ఒక పెద్ద గ్రామం. కాకపోతే అది రైల్వే జంక్షను. మన గుంతకల్లు ఎలా రైలు మీద బతికిందో ఆ ఊరూ అలాగే బతికింది. రైల్వే కొలువులు, దగ్గరలో సిమెంటు ఫ్యాక్టరీ, కాగితానికి కావలసిన గుజ్జు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేవి. రైల్వేలో కొలువులు కోసేశారు. గుజ్జు ఫ్యాక్టరీలో యంత్రాలకు కాపలా ఉండే నలుగురు తప్ప ఎవరూ మిగలలేదు. పని లేనివాడు పన్ను ఎక్కడినుంచి కడతాడు? 1931 చివరికి పట్టణానికి రావలసిన పన్ను బకాయిలు లక్షా 18 వేల షిల్లింగులకు చేరాయి. షిల్లింగ్ అంటే అప్పటి ఆస్ట్రియా రూపాయి అనుకోండి. ఇక పట్టణమే బయట చేసిన అప్పు పదమూడు లక్షల షిల్లింగుల దాకా ఉంది. వడ్డీ కట్టడానికే దిక్కులేదు.

అటువంటి సమయంలో మేయరు పదవికి వచ్చినవాడు మిఖాయెల్ ఉంటర్‌గుగెన్‌బెర్గర్. పేరు పలకడానికి నాలుక కాస్త తిరగాలి. మనిషి మాత్రం సాదాసీదా. 1884లో పుట్టాడు. రైల్వేలో మెకానిక్కు, కార్మిక సంఘం మనిషి, పార్టీ రీత్యా సోషల్ డెమొక్రాట్. పెద్ద చదువులు లేకపోయినా పుస్తకాలు చదివే అలవాటు ఉంది. ఆ చదివినవాటిలో సిల్వియో గెసెల్ అనే జర్మన్ వ్యాపారి రాసిన ఆర్థికశాస్త్ర గ్రంథం ఒకటి. గెసెల్ వాదన విచిత్రంగా ఉంటుంది. బియ్యం నిలవ పెడితే పురుగు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, పళ్లు కుళ్లుతాయి. రూపాయి మాత్రం పెట్టెలో ఎన్నాళ్లున్నా చెక్కుచెదరదు. అందుకే కష్టకాలం రాగానే ప్రతివాడూ రూపాయిని దాచుకుంటాడు, బజారు ఎండిపోతుంది. కాబట్టి డబ్బు కూడా తరగాలి అంటాడాయన.

మన భాషలో డబ్బుకు వాడే మాటల్లోనే ఈ సంగతి కొంత దాగి ఉందని నాకనిపిస్తుంది. తెలుగులో "చలామణి" అంటాం, కన్నడంలో "చలావణె" అంటారు. రెండింటిలోనూ ఉన్నది "చలనం". చలించనిది చలామణి కాదు.

మేయరు ఊళ్లోని లెక్కను ఈ కోణంలోంచి చూశాడు. రోడ్లు చెడిపోయి ఉన్నాయి, అంటే చేయవలసిన పని ఉంది. చేయగలిగిన కూలీలు, మేస్త్రీలు వందల మంది ఖాళీగా ఉన్నారు. దుకాణాల్లో సరుకు అమ్ముడుపోక పేరుకుపోయి ఉంది. ఈ మూడింటినీ కలిపే డబ్బు మాత్రమే లేదు. ఆయన కౌన్సిలర్లను, దుకాణదారులను విడివిడిగా కలిసి నచ్చజెప్పాడు. తన పార్టీ వాళ్లతోనే కాదు, ఎదుటి పార్టీ వాళ్లతోనూ మాట్లాడాడు. పథకాన్ని చూసుకునే ధర్మకర్తల్లో ఆ ఊరి చర్చి పురోహితుడు కూడా ఉన్నాడు. 1932 జులై మొదట్లో పథకానికి ఆమోదం లభించింది. నెలాఖరున మొదటి నోట్లు బయటికొచ్చాయి.

ఆ నోటు ఎలా పనిచేసిందో కాస్త నిదానంగా చెప్పుకుందాం. కథకు కీలకం అదే.

ఒకటి, ఐదు, పది షిల్లింగుల నోట్లు అచ్చువేశారు. డబ్బు అచ్చువేసే హక్కు జాతీయ బ్యాంకుకు తప్ప ఎవరికీ లేదు గనక దాన్ని "నోటు" అనలేదు, "పని చేసినట్టు ధృవీకరణ పత్రం" అని పేరు పెట్టారు. ఎంత విలువ పత్రాలు బయటికి వదిలారో అంత అసలు షిల్లింగులు స్థానిక సహకార బ్యాంకులో డిపాజిట్టు చేశారు. కావలసినవాడు నూటికి రెండు వంతున తగ్గించుకుని ఎప్పుడైనా అసలు డబ్బుగా మార్చుకోవచ్చు. ఇక ముఖ్యమైన షరతు ఇది: ప్రతి నెలా ఆ పత్రం మీద నూటికి ఒకటి వంతున బిళ్ల అతికించాలి. పది షిల్లింగుల పత్రానికి పది గ్రోషెన్ల బిళ్ల కావాలి. గ్రోషెన్ అంటే షిల్లింగులో నూరో వంతు, మన పైసా లాగ. నెలాఖరుకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆ ఖర్చు భరించాలి. బిళ్లల మీద వచ్చిన సొమ్ము పేదల సహాయానికి వెళ్లింది.

పట్టణం తన పనివాళ్లకు, ఉద్యోగులకు జీతంలో మొదట సగం, తర్వాత ముప్పాతిక భాగం ఈ పత్రాల్లోనే ఇచ్చింది. కూలీ దాన్ని రొట్టెల దుకాణంలో ఇచ్చాడు. రొట్టెలవాడు పిండిమరవాడికి ఇచ్చాడు. పిండిమరవాడు నెలాఖరు రాకముందే వదిలించుకోవాలని పన్ను బకాయి కింద మునిసిపాలిటీకి కట్టాడు. మునిసిపాలిటీ దాన్నే మళ్లీ కూలీకి ఇచ్చింది. ఏళ్ల తరబడి రాని బకాయిలు రావడం మొదలయింది. కొందరు రాబోయే పన్ను కూడా ముందే కట్టారు! మన ఊళ్లలో ఇలాంటి వింత జరిగితే పత్రికలో వేస్తారు.

ఇక్కడ మా తరగతిలో పిల్లలకు పెట్టే లెక్క ఒకటి చెబుతాను. పెట్టెలో కదలకుండా ఉన్న పది షిల్లింగులు నెలకు ఎంత పని చేస్తాయి? సున్నా. అదే నోటు నెలలో పది చేతులు మారితే? వంద షిల్లింగుల పని. వోర్గల్‌లో మొత్తం 32 వేల షిల్లింగుల పత్రాలు అచ్చువేసినా ఒక సమయంలో ఊళ్లో తిరిగింది సగటున సుమారు ఐదున్నర వేలు మాత్రమే. ఆ కొద్దిపాటి డబ్బే తిరిగి తిరిగి వీధులు బాగుచేయించింది, మురుగుకాలువలు వేయించింది, వీధిదీపాలు పెట్టించింది, ఒక వంతెన కట్టించింది. మంచు మీద జారే ఆటకు ఎత్తయిన వేదిక కూడా కట్టారు. కరువులో ఆటస్థలం ఎందుకని మనకనిపించవచ్చు. కానీ కొండప్రాంతంలో చలికాలపు యాత్రికులే ఆదాయం గనక అదీ లెక్క ప్రకారం చేసిన పనే.

రెండు రకాల డబ్బు ఒకే బజారులో తిరగడం మన సరిహద్దు వాళ్లకు మరీ కొత్త కాదు. తుంగభద్రకు అవతల రాయచూరు వైపు నిజాం హాలీ సిక్కా, ఇవతల బళ్లారి వైపు కల్దారు రూపాయి నడిచిన కాలం పాతతరం వాళ్లు ఎరుగుదురు. వంద కల్దార్లకు సుమారు 116 హాలీ రూపాయలని వట్టం లెక్క నోటికి చెప్పేవారు. కానీ ఆ రెండింటి వెనుకా రెండు ప్రభుత్వాలున్నాయి. వోర్గల్ పత్రం వెనుక ఉన్నది ఒక్క కౌన్సిల్ మాట. ఊళ్లో దుకాణాలన్నీ దాన్ని తీసుకున్నా తపాలా ఆఫీసు, రైల్వే స్టేషను తీసుకోలేదు. మేయరు రైల్వే మనిషే అయినా సరే!

చుట్టుపక్కల నిరుద్యోగం పెరుగుతుంటే వోర్గల్‌లో తగ్గింది. కబురు పాకింది. పక్కనే ఉన్న కిర్క్‌బిఖ్ల్ 1933 జనవరిలో అదే పద్ధతి మొదలుపెట్టింది. ఫ్రాన్సు నాయకుడు ఎడువార్ దలాదియె చూడడానికి వచ్చాడు. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ ఇలాంటి బిళ్లల నోట్ల మీద 1933లో ఒక పుస్తకమే రాశాడు. ఆ ఏడాది వేసవిలో మేయరు వియన్నా వెళ్లి, వివరం తెలుసుకోవడానికి చేరిన సుమారు 170 పట్టణాల, గ్రామాల ప్రతినిధుల ముందు మాట్లాడాడు.

సరిగ్గా అక్కడే జాతీయ బ్యాంకుకు గుండె జారింది. ఆ బ్యాంకును ఉత్త ప్రతినాయకుడిగా చూపించే రచనలు చాలా ఉన్నాయి. నేనంత దూరం పోను. పదేళ్ల కిందటే, 1921, 22 సంవత్సరాల్లో, ఆ దేశపు పాత నాణెం క్రోన్ విలువ మట్టిలో కలిసిపోయింది. నానాజాతి సమితి పూచీ మీద అప్పు తెచ్చుకుని, పదివేల క్రోన్లకు ఒక షిల్లింగ్ చొప్పున 1925లో కొత్త డబ్బు పెట్టుకున్నారు. అటువంటి దేశంలో రెండు వందల ఊళ్లు ఎవరి నోట్లు వాళ్లు అచ్చువేసుకుంటే భయపడడం సహజమే. వోర్గల్ నిజాయితీగా డిపాజిట్టు పెట్టింది. ప్రతి ఊరూ పెడుతుందని ఎవరు పూచీ? ఇంకో మాట కూడా చెప్పాలి. పేరుకున్న బకాయి ఒక్కసారే వసూలవుతుంది. అది అయిపోయాక ఈ చక్రం అదే వేగంతో తిరిగేదా అన్నది తేల్చడానికి పదమూడు, పద్నాలుగు నెలలు చాలవు.

అయితే నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆపినవాళ్లు దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. కట్టుదిట్టమైన షరతులు పెట్టి నడవనిచ్చి ఉండవచ్చు, లేదా కూలీలకు వేరే పని చూపించి ఉండవచ్చు. అప్పటి ప్రభుత్వం ఆ రెండూ చేయలేదు.

నిషేధం ఉత్తర్వు 1933 జనవరిలోనే వచ్చింది. పట్టణం పై అధికారులకు అప్పీలు చేసుకుంటూ పని నడిపించింది. సెప్టెంబరులో ఆపక తప్పలేదు. నవంబరు 18న పాలనా వ్యవహారాల ఉన్నత న్యాయస్థానం కౌన్సిల్ మొరను కొట్టివేసింది. అప్పటికే ఆ దేశంలో పార్లమెంటు మూతపడింది. 1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం జరిగి, సోషల్ డెమొక్రాట్ పార్టీని నిషేధించారు. ఉంటర్‌గుగెన్‌బెర్గర్ మేయరు పదవి కూడా దానితో పోయింది. 1936లో, యాభై రెండేళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు.