అమెరికా దేశపు డైనరు



మన పల్లెలకు రచ్చబండ యెట్టిదో, అమెరికా దేశపు పేటలకు డైనరు అట్టిది. అది పొడవుగా, ఇరుకుగా నుండు చిన్న పూటకూటియిల్లు. లోపల నొక పొడవైన బల్ల, బల్ల కీవల వరుసగా గుండ్రని యెత్తుపీటలు, ఆవల పెనము. వంటవాడు తినువారి కన్నులయెదుటనే గ్రుడ్లు వేయించును, అట్లు పోయును. సన్నముగా కొట్టిన గోమాంసమును బిళ్లగా నొత్తి కాల్చి, చీల్చిన రొట్టెనడుమ నుంచి యిచ్చును. దీనికే హాంబర్గరని పేరు. అచ్చటి వృద్ధులు పెక్కురు నేటికిని ఇట్టి తావులను తమ బాల్యముతో కలిపి తలపోయుచుందురు.

దీని పుట్టుక గుఱ్ఱపుబండిలో జరిగినది. 1872వ సంవత్సరమున రోడ్ ఐలండు రాష్ట్రమందలి ప్రావిడెన్సు నగరమున వాల్టర్ స్కాట్ అనునతడు బండిలో రొట్టెలు, కాఫీ పెట్టుకొని, వార్తాపత్రికలయందు రేయి పనిచేయువారికి విక్రయింపసాగెను. కొనువారు వానయనక మంచనక వీథిలో నిలువబడియే తినవలసివచ్చెడిది. 1887లో మసాచుసెట్సు రాష్ట్రపు వూస్టరు నగరమున శామ్యూల్ జోన్సు అనునతడు జనులు లోనికి వచ్చి తినుటకు వీలగు బండిని నడిపెను. పిమ్మట బండ్లు చక్రములు విడిచి స్థిరపడెను, పీటలు వచ్చెను. 1906లో వూస్టరులోనే నెలకొనిన యొక కర్మాగారము డైనర్లను సిద్ధముగా కట్టి ఊళ్లకు పంపుచుండెను. ఇవి పాత రైలుపెట్టెలని పలువురు భ్రమపడుదురు. కొన్ని పాత ట్రాముబండ్లనుండి చేసినవే యైనను, పెక్కింటిని డైనర్లుగనే నిర్మించిరి. దూరమునకు తరలింపవలసి యుండుటచేతనే వానికి ఆ యిరుకుతనము గలిగెను.

ఆ బల్లయొద్ద కూలివాడును వకీలును ప్రక్కప్రక్కనే కూర్చుండి భుజించిరని అచ్చటివారు గర్వముతో చెప్పుకొందురు. అందు నిజము కలదు; కాని దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి ఆ పీట దక్కలేదు. ఇట్టి బల్లలు పెద్ద దుకాణములలోగూడ నుండెడివి. ఉత్తర కరొలైనాలోని గ్రీన్స్‌బరో నగరమున వుల్‌వర్త్ దుకాణములో నల్లవారు సరకులు కొనవచ్చును. కూర్చుండి కాఫీ త్రాగరాదు. వారి డబ్బు చెల్లును, వారి పంక్తి చెల్లదు!

1960 ఫిబ్రవరి 1వ తేదీని నలుగురు నల్లజాతి విద్యార్థులు అచ్చట సరకులు కొని, బల్లయొద్ద కూర్చుండి కాఫీ యడిగిరి. ఇయ్యమనిరి. వారు దూషింపక, చేయెత్తక, దుకాణము మూయువఱకు కదలకుండిరి. మరునాడు మరికొందరు వచ్చి కూర్చుండిరి. ఆ పట్టుదల పెక్కు నగరములకు ప్రాకెను. ఆ యేటి జులై 25వ తేదీని ఆ బల్లయొద్ద నల్లవారికి వడ్డన జరిగెను. మొట్టమొదట వడ్డన పొందినవారు ఆ దుకాణములోనే పనిచేయు నల్లజాతివారు! 1964లో, భోజనశాలలయందు జాతిభేదము చూపరాదని దేశమంతటికిని శాసనమయ్యెను.

పంక్తిభేదమనగా నేమో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పాత రుచులను ముచ్చటగా తలచుకొనువారు, ఆ రుచి యెవరికి అందకపోయెనో అదియు తలచుకొనుట న్యాయము. వాషింగ్టను నగరమందలి జాతీయ ప్రదర్శనశాలలో ఆ గ్రీన్స్‌బరో బల్ల తునుకను నాలుగు పీటలతో భద్రపరచియున్నారు. ఆ బల్లపై నేడెవరును వడ్డింపరు. అయినను జనులు వచ్చి దానియెదుట నిలిచి చూచి పోవుచుందురు.