దున్నక పండించుట: తెలుగునేల అనుభవము

“దుక్కికొద్దీ పంట, బుద్ధికొద్దీ సుఖము” అను సామెత తెలుగు కాపునకు తాతలనాటి ఆస్తి. ఆ నమ్మకమునకు కారణములు లేకపోలేదు. దుక్కివలన కలుపు చచ్చును. గట్టిపడిన నేల గుల్లబారును. వాననీరు లోనికి దిగును. అయినను గడచిన తొంబది సంవత్సరములలో ప్రపంచమున పెక్కుచోట్ల రైతులు ఈ నమ్మకమును తిరిగి పరీక్షించి చూచిరి. ఆ పరీక్షలో తెలుగునేలకును ఒక అధ్యాయము కలదు.

అమెరికా మైదానములలో గడ్డినేలలను విరివిగా దున్ని గోధుమ వేసిరి. 1930 దశకమున కఱవు రాగా, పైకప్పు లేని మన్ను ధూళిమేఘములై లేచిపోయెను. 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ అను నతడు మన్నును తలక్రిందులు చేయు నాగలినే తప్పుపట్టుచు గ్రంథము వ్రాసెను. 1962లో కెంటకీ రాష్ట్రపు రైతు హారీ యంగ్ దున్నకయే పైరు వేసి చూపెను. నాగలి చేయు పనిని అచ్చట కలుపుమందు చేసెను.

కృష్ణా డెల్టా రైతునకు ఈ మార్గము బొత్తిగా క్రొత్తది కాదు. వరి కోతకు రెండు మూడు దినముల ముందు, మాగాణిలో పదును ఉండగనే, నిలిచియున్న పైరులో మినుములు చల్లుదురు. నాగలి లేదు, నీటితడి లేదు. నల్లమట్టిలో మిగిలిన తేమతోనే అపరాలు చేతికి వచ్చును. గుంటూరు చెంత లాం పరిశోధనాక్షేత్రమున రూపొందిన ఎల్.బి.జి. 17 రకము బూడిద తెగులును తట్టుకొనుటచే, ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో ఈ సాగు మిక్కిలి విస్తరించెను.

తరువాత మినుమునకు కష్టకాలము వచ్చెను. బంగారుతీగ పైరును అల్లుకొనెను. పల్లాకు తెగులు ప్రబలెను. కాలువనీరు ఆలస్యమై వరికోతలు వెనుకబడెను. అందుచే ఈ శతాబ్దారంభమున పెక్కుమంది రైతులు వరికొయ్యల నడుమనే మొక్కజొన్న గింజలు నాటసాగిరి. దుక్కి ఖర్చు తగ్గెను, కాలము కలిసివచ్చెను. కాని తిరిగి చిగిర్చు వరిదుబ్బును, కలుపును అణచుటకు పారాక్వాట్, అట్రజిన్ వంటి మందులు పొలమునకు వచ్చెను. వీనిలో పారాక్వాట్ కడుపులోనికి పోయినచో విరుగుడు లేదు. దుక్కి మానిన లాభమును లెక్కించువారు ఈ ప్రమాదమును కూడ లెక్కలో వేయవలెను.

డెల్టా నల్లమట్టికి చెల్లినది తెలంగాణపు ఎఱ్ఱచెల్కకు చెల్లునా? ఈ ప్రశ్నకు హైదరాబాదు చెంతనే సమాధానము వెదకిరి. నగరమునకు పడమట మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. పిదప గచ్చిబౌలి, కొండాపురముల వఱకు భవనములు లేచి, బండరాళ్ల నడుమ నున్న ఎఱ్ఱనేలలు పునాదుల క్రింద మఱుగుపడెను. అచ్చటికి వాయవ్యమున పటాన్‌చెరువునందు 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థకు ఎఱ్ఱనేలయు నల్లనేలయు రెండును కలవు.

1980 దశకపు చివర అచ్చటి శాస్త్రజ్ఞులు ఎఱ్ఱనేలను మడులుగా విభజించిరి. కొన్నిటిని దున్నలేదు, కొన్నిటిని 10, మఱికొన్నిటిని 20 సెంటీమీటర్ల లోతు దున్నిరి. వానిలో కొన్ని మడులపై వరిగడ్డి కప్పిరి. కొన్నిటికి పశువుల ఎరువు వేసిరి. కొన్నిటిని వట్టిగా విడిచిరి. దుక్కి మేలు కొలదిదినములే నిలిచెను. వానచినుకుల తాకిడికి ఎఱ్ఱమన్ను పైన పెచ్చుకట్టగా నీరు మరల వెలుపలికే పారెను. గడ్డి కప్పిన మడులలో మాత్రము నీటిపారుదల నిలుకడగా తగ్గెను.

దీనినిబట్టి తేలునది యొకటే. నాగలి మానుటయే విద్య కాదు. నేలను కప్పియుంచుట విద్య. కప్పు లేక దుక్కి మానిన చెల్కలో వాననీరు నిలువదు. అయితే ఆ గడ్డియే పశువుల గ్రాసము. మెట్టరైతు యింట నేలకును ఎద్దునకును నడుమ ఈ పంపకము తీరని చిక్కు. కొందఱు మిగిలిన గడ్డిని పొలముననే కాల్చుచున్నారు; అది ఇద్దఱి నోటి కూడును బుగ్గి చేయుటయే. పొలముగట్లపై ఆకుచెట్లు పెంచినచో, రాలిన ఆకుతో, కొట్టిన రెమ్మలతో నేలకు కొంత కప్పు సమకూరును. ఎద్దునకు గడ్డి మిగులును.

సామెత అబద్ధము కాలేదు. దుక్కి ఎంత అవసరమో తెలిసికొనుటకు కూడ బుద్ధియే కావలెను.