గ్లాస్గోలో ఉట్టి పాదాలు

కలకత్తా ఫుట్‌బాల్ ఆటగాడు సలీం గ్లాస్గోలో ఆడి ఈ ఆగస్టుకి తొంభై ఏళ్లు. శుక్రవారంలోగా వ్యాసం కావాలన్నారు ఎడిటర్‌గారు; అందుకని అంతకుముందు ఎనభై ఏళ్లూ పరుగున దాటేద్దాం.

1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా కలకత్తా శివారు మెటియాబ్రుజ్‌లో దిగాడు. వెంట వంటవాళ్లు, దర్జీలు, కథక్ గురువులు. 1887లో నవాబు పోయాడు. ఆ ఏడాదే గ్లాస్గోలో ఐరిష్ పేదల కోసం సెల్టిక్ క్లబ్ పుట్టింది. 1898లో మొదలైన కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ తెల్లవాళ్ల సొత్తు. 1911లో మోహన్ బగాన్ అనే దేశీ జట్టు బ్రిటిష్ రెజిమెంటుని ఓడించి షీల్డు పట్టుకుపోయినా, దేశీ జట్లకి లీగ్ తలుపు తెరుచుకుంది 1914లో, అదీ రెండో డివిజన్‌లో. పై డివిజన్‌లో దేశీ జట్లు రెండుకి మించకూడదన్న అడ్డు 1925 దాకా ఉంది. ఇలాంటి గీతే అమెరికాలోనూ ఉంది: అక్కడ నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్లకి రూబ్ ఫోస్టర్ 1920లో వేరే లీగే పెట్టాడు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లో గానీ ఆ గీత దాటలేదు.

మహమ్మద్ సలీం 1904లో నవాబు దిగిన ఆ మెటియాబ్రుజ్‌లో పుట్టాడు. కుడి వింగ్‌లో ఆట. 1934లో లీగ్ గెలిచిన తొలి దేశీ జట్టు మొహమ్మడన్ స్పోర్టింగ్ ఆయనదే. 1938 దాకా టైటిల్ ఇంకెవరికీ దక్కలేదు.

1936లో కలకత్తా వచ్చిన చైనా ఒలింపిక్ జట్టుతో ఒక మ్యాచ్ ఆడి, రెండోదానికి మాయమయ్యాడు! బ్రిటన్‌లో ఉండే బంధువు ఓడెక్కించి, సెల్టిక్ మేనేజర్ విలీ మేలీ ముందు నిలబెట్టాడు. బూట్లు లేకుండా ప్రొఫెషనల్స్‌తో ఆడతాడా అని మేలీకి నవ్వొచ్చిందట. పరీక్ష ఆటతో ఆ నవ్వు ఆగింది. ఒక ఫొటో ఉంది: సెల్టిక్ ఒకప్పటి మేటి ఆటగాడు జిమ్మీ మెక్‌మెనెమీ వంగి సలీం పాదాలకి గుడ్డకట్లు చుడుతున్నాడు. ఆ రోజుల కలకత్తాలో దేశీవాడి పాదం పట్టిన తెల్లదొర ఫొటో ఎవరికైనా దొరికితే పంపండి, వేద్దాం.

సలీం ఆడిన రెండు ఆటలూ సెల్టిక్ గెలిచింది: గాల్‌స్టన్ మీద 7-1, హామిల్టన్ మీద 5-1. రెండోదాంట్లో పెనాల్టీ సలీందే. గారడీవాడంది అక్కడి పత్రిక. మెచ్చుకోలే లెండి, మనవాడు ఏం చేసినా వాళ్లకి గారడీయే. ఉండిపొమ్మన్నారు. ఇంటి మీద బెంగతో ఉండలేకపోయాడు. ఆయన గౌరవార్థం ఆడించే మ్యాచ్ వసూళ్లలో అయిదు శాతం ఇస్తామంటే, అనాథలకి ఇచ్చెయ్యమన్నాడట. అది 1,800 పౌండ్లని చెబుతారు.

ఆ తర్వాత కథ చెల్లాచెదురు. దేశ విభజనతో మొహమ్మడన్ అభిమానులు సరిహద్దుకి చెరోవైపూ అయ్యారు. డెబ్భైల్లో మన హైదరాబాద్ ఫుట్‌బాలర్ హబీబ్ ఆ క్లబ్ నలుపు తెలుపు చొక్కా తొడిగాడు. సలీం జబ్బుపడ్డాక కొడుకు సెల్టిక్‌కి ఉత్తరం రాస్తే వంద పౌండ్ల డ్రాఫ్ట్ వచ్చింది; మార్చుకోకుండా దాచుకున్నారు. సలీం 1980లో పోయాడు. మెటియాబ్రుజ్ ఇప్పుడు రెడీమేడ్ బట్టల పేట. మొహమ్మడన్ 2024లో ఐ-లీగ్ గెలిచి దాని పై మెట్టు ఐఎస్ఎల్ ఎక్కింది, తొలి సీజన్‌లోనే పట్టిక అడుగున తేలింది.