నౌరు: నేలను తవ్వి పంపిన ద్వీపం

మీ అట్లాసులో పసిఫిక్ మహాసముద్రం పటం తెరిచి, ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, భూమధ్యరేఖకు కాస్త దిగువన వెతకండి. నౌరు ఒక చుక్కలా కనిపిస్తుంది. దాని పేరు రాసిన అక్షరాలే ద్వీపం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 12,000. నదులు లేవు, వానలను నమ్మడానికి లేదు. తీరం వెంబడి సన్నని పట్టీలా సారవంతమైన నేల, దాని వెనుక ఎత్తైన పీఠభూమి ఉంటాయి. ఈ పీఠభూమిని అక్కడివారు 'టాప్‌సైడ్' అంటారు. ద్వీపంలో సుమారు అయిదింట నాలుగు వంతులు అదే. నౌరు చరిత్ర అంతా ఈ రెండు భాగాల మధ్యే నడిచింది.

పూర్వం పన్నెండు తెగల ప్రజలు కొబ్బరి, మొగలి జాతి చెట్ల కాయలు, చేపల మీద బతికేవారు. వంశం తల్లి వైపు నుంచి లెక్కించేవారు. 1888లో జర్మనీ ద్వీపాన్ని తన అధీనంలోకి తెచ్చుకుంది. ఆ తరువాత సిడ్నీలోని ఒక వర్తక కంపెనీ కార్యాలయంలో, తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టిన నౌరు రాయిని ఆల్బర్ట్ ఎలిస్ అనే ఉద్యోగి గమనించాడు. శిలగా మారిన చెక్క అని అందరూ అనుకున్న ఆ రాయిని పరీక్షిస్తే మేలురకం ఫాస్ఫేటు అని తేలింది. మన రైతులు భాస్వరం ఎరువు అనే సూపర్ ఫాస్ఫేటుకు ముడిసరుకు ఇదే. 1907 నాటికి ఎగుమతి సాగుతోంది. తొలినాళ్లలో భూమి హక్కుదారులకు దక్కింది టన్నుకు దాదాపు అర పెన్నీ.

నానాజాతి సమితి మ్యాండేట్ విధానం గురించి మీరు ఇదివరకే చదివారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నౌరు అలాంటి మ్యాండేట్ కింద బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ల చేతికి వచ్చింది. 'పవిత్ర ధర్మకర్తృత్వం' అన్నది ఒప్పందంలోని మాట. ఆచరణలో ఆ మూడు దేశాల కమిషన్ ఫాస్ఫేటును ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ప్రపంచ ధర కంటే చౌకగా అందించింది. ఆ పచ్చిక బయళ్ల సారంలో కొంత నౌరు నేలదే.

1920లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా చాలామందిని బలి తీసుకుంది. జాతి నిలబడాలంటే కనీసం 1,500 మంది ఉండాలని అప్పట్లో లెక్క కట్టారు. 1932 అక్టోబరు 26న ఒక శిశువు పుట్టుకతో ఆ సంఖ్య చేరింది. ఆ రోజును 'అంగం' పేరుతో ఇప్పటికీ పండుగగా జరుపుకుంటారు. పదేళ్లకే జపాన్ ఆక్రమణ వచ్చింది. 1943లో 1,200 మందిని ట్రుక్ దీవులకు తరలించి కూలిపనులు చేయించారు. 1946 జనవరి 31న తిరిగొచ్చినవారు 737 మంది. స్వాతంత్ర్యానికి అదే తేదీని, 1968 జనవరి 31ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు.

అంతకుముందు ఆస్ట్రేలియా ఒక ప్రతిపాదన చేసింది: ఫాస్ఫేటు అయిపోతుంది, ద్వీపం నివాసయోగ్యం కాదు, కనుక అందరూ క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ ద్వీపానికి వచ్చేయండి. స్వతంత్ర జాతిగా ఉండే వీలు అక్కడ లేదని తేలాక 1964లో నౌరు ప్రజలు దానిని తిరస్కరించారు. వారి నాయకుడు హ్యామర్ డిరోబర్ట్ తరువాత తొలి అధ్యక్షుడయ్యారు. నా దృష్టిలో ద్వీప చరిత్రలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇది, గనుల జాతీయకరణ కూడా దీని తరువాతిదే.

స్వాతంత్ర్యం తరువాత తవ్వకం ఆగలేదు. ఈసారి లాభం నౌరుదే. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టారు, విమానాలు కొన్నారు, నిధులను దుర్వినియోగం చేశారు. ఆ భవనం 2004లో అమ్ముడుపోయింది. నౌరును దుబారా చేసి చెడిన ధనికుల కథగా చెప్పే రచనలు చాలా ఉన్నాయి. అది సగం నిజమే. స్వాతంత్ర్యానికి ముందే పాడైన భూముల పునరుద్ధరణ కోసం నౌరు 1989లో ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఆస్ట్రేలియా అభ్యంతరాలలో చాలావాటిని కోర్టు 1992లో తోసిపుచ్చింది. మరుసటి ఏడాది 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ కుదిరింది.

డబ్బు వచ్చినంత మాత్రాన నేల తిరిగిరాదు. ఫాస్ఫేటు తీసేశాక టాప్‌సైడ్‌లో మిగిలింది మనిషిని మించిన ఎత్తున నిలిచిన సున్నపురాతి కోరలు. వాటి మధ్య నడవడమే కష్టం, సాగు మాట అటుంచండి. ఇప్పుడు సముద్రమట్టం పెరుగుతుంటే జనం దాదాపుగా అందరూ ఉంటున్న తీరపు పట్టీకే ముప్పు. ద్వీపంలో మరో ఎత్తైన చోటు లేదు. అందుకే ఆ కోరలను తొలగించి, చదును చేసి, ఇళ్లను పైకి తరలించే ప్రణాళికను ప్రభుత్వం చేపట్టింది.