పద్దుకెక్కని గుర్రాలు

మద్రాసుకు సరైన రేవు లేని కాలంలో ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి. ఆస్ట్రేలియా నుంచి వారాల తరబడి ఓడలో నిలబడి వచ్చిన గుర్రాలను నీళ్లలోకి దింపితే కెరటాల మధ్య ఈదుకుంటూ ఒడ్డెక్కేవి. న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చేవి కనుక ఇక్కడి సైనికాధికారులు వాటిని వేలర్లు అన్నారు. తెలుగువాళ్లు చాలామంది ఉండే హోసూరు దగ్గర, మత్తిగిరిలో, సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే కేంద్రం 1824లోనే వెలసింది.

అయితే వేలర్ అసలు కొలువు గొర్రెల దగ్గర. 1788లో మొదటి వలస ఓడలతో ఆస్ట్రేలియాలో దిగిన కొద్దిపాటి గుర్రాలకు థరోబ్రెడ్లు, అరబ్బీలు, తిమోర్ దీవి పొట్టి గుర్రాలు, బరువులు లాగే క్లైడ్స్‌డేళ్లు తర్వాత తర్వాత కలిసి ఈ రకం తయారైంది. మన గొల్ల కురుమలు జీవాల వెంట కాలినడకన పోతారు. అక్కడ పెద్ద ఆసాముల కింద లక్షకు పైగా గొర్రెలు, లక్షల ఎకరాల బీళ్లు. కాలినడకతో అయ్యే పని కాదు. కంచె కాపలా మనిషి పొద్దున్నే జీను బిగించి, తెగిన తీగలు కట్టుకుంటూ, కుంటిన గొర్రెను చూసుకుంటూ పోతే చుట్టు తిరిగి రావడానికి రోజులు పట్టేది. బొచ్చు కత్తిరింపులప్పుడు ఎక్కడెక్కడో చెదిరిన మందలను గుర్రం మీదే షెడ్డుకు తోలేవాళ్లు. ఉన్ని బేళ్లను గుర్రాలో ఎద్దులో లాగే బండ్ల మీద డార్లింగ్ నది పడవలకో రైలుకో చేరవేసేవాళ్లు. 1895 నుంచి 1903 దాకా సాగిన కరువులో ఆ దేశపు గొర్రెలు దాదాపు సగం పోయాయి. తక్కువ మేత, తక్కువ నీళ్లతో నెట్టుకొచ్చే గుర్రమే ఆ నేలను తట్టుకుంది.

1909 నుంచి ఫోర్డ్ మోడల్ టి కార్లు దిగడం మొదలైంది. నేలకు ఎత్తుగా ఉండే ఆ కారు ఎండాకాలం బాటలేని బీళ్లలో కూడా పరుగెత్తేది. వాన పడి నల్లరేగడి మెత్తబడిందంటే మాత్రం ఇరుసు దాకా కూరుకుపోయేది. అప్పుడు పగ్గం కట్టి బయటికి లాగాల్సింది గుర్రాలే. యజమాని టౌనుకు కారులో వెళ్లేవాడు, మంద దగ్గరికి గుర్రం మీద వెళ్లేవాడు. రెండూ కలిసి ఏళ్ల తరబడి పనిచేశాయి. కారొచ్చిందని ఎవరూ గుర్రాన్ని వెళ్లగొట్టలేదు. 1918 నాటికి ఆ దేశంలో గుర్రాలు సుమారు 25 లక్షలు. అంతకుముందు ఎన్నడూ అన్ని లేవు, ఆ తర్వాతా లేవు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ సంగతే. పతనం మొదలయ్యేనాటికి గుర్రం వైభవంలో ఉంది.

ఈలోగా యుద్ధం తన వంతు పట్టుకుపోయింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆస్ట్రేలియా నుంచి లక్షా ముప్పయి వేలకు పైగా గుర్రాలు ఓడలెక్కాయి. 1917 అక్టోబర్ 31 సాయంత్రం బీర్షెబా అనే ఎడారి ఊరి దగ్గర, ఒకరోజుకు పైగా నీళ్లు ముట్టని గుర్రాలు టర్కీ కందకాల మీదికి దౌడు తీశాయి. ఊరూ బావులూ చేజిక్కాయి.

యుద్ధం ముగిశాక మనుషులు ఇళ్లకు వెళ్లారు. గుర్రాలకు ఆ అదృష్టం లేదు. ఓడ ఖర్చు ఎక్కువ, పైగా పరాయి దేశపు జబ్బులు మోసుకొస్తాయని భయం. పశువైద్యులు వాటిని వరసగా నిలబెట్టి, పళ్లు చూసి, కాళ్లు చూసి తరగతులుగా విడదీశారు. పనికొచ్చేవాటిని బ్రిటిష్, ఇండియా సైన్యాలకు అప్పగించారు. ముసలివాటినీ రోగిష్టివాటినీ కాల్చేయమన్నారు. కాల్చే ముందు లాడాలు ఊడదీయాలి, జూలూ తోకా కత్తిరించాలి. ఇనుముకూ వెంట్రుకకూ ధర ఉంది. ఆ తర్వాత తోలు. ఎడారిలో తమను మోసిన ప్రాణానికి ఇంత లెక్క కట్టగలిగారా అని ఇప్పటికీ బాధేస్తుంది. అన్నిట్లోకీ తిరిగి ఇల్లు చేరింది ఒక్కటే. గాలిపోలి యుద్ధంలో గాయపడి చనిపోయిన మేజర్ జనరల్ బ్రిడ్జెస్ గుర్రం శాండీ 1918లో మెల్‌బోర్న్ రేవులో దిగింది.

బీళ్లలో మిగిలిన గుర్రాల పని ఒక్కొక్కటిగా జారిపోయింది. గిప్స్‌లాండ్ రైతు భార్య ఒకావిడ, ఆదివారం చర్చికి వెళ్లడానికీ సోమవారం పందులను సంతకు తీసుకెళ్లడానికీ పనికొచ్చే బండి కావాలని ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని చెబుతారు. జీలాంగ్ ఫ్యాక్టరీలో లూ బ్యాండ్ట్ గీసిన ఆ బండి 1934లో బయటికొచ్చింది. ముందు కారు, వెనక తొట్టి. కాపలా కుక్క, తీగ చుట్ట, జబ్బు చేసిన గొర్రె, అన్నీ అందులో పట్టేవి. దాన్నే అక్కడివాళ్లు యూట్ అంటారు. చాలా ఏళ్ల తర్వాత మందలు తోలే పని కూడా మోటారు సైకిళ్ల చేతికి వెళ్లింది.

వేలర్‌కు ఇంకో ఆధారం ఇండియా సైన్యం. 1938లో ఇక్కడి అశ్విక దళాలు గుర్రాలు దిగి మోటారు వాహనాలు ఎక్కడం మొదలుపెట్టాయి. 1940ల్లో ఆ వ్యాపారం ఆగిపోయింది. కొనేవాడు లేనప్పుడు పెంచేవాడు ఎందుకు పెంచుతాడు? గొర్రెల మేత తింటున్నాయని, బీళ్లలో వదిలేసిన గుర్రాలను తుపాకులతో వేటాడారు.

కారును నిందించడం తేలిక. నాకు కనిపించే తప్పు వేరు. వందేళ్లకు పైగా ఈ గుర్రాలను పెంచారు, అమ్ముకున్నారు, వాటి మీద యుద్ధాలు చేశారు. వాటికంటూ ఒక వంశావళి పుస్తకం మాత్రం పెట్టలేదు. పందెం గుర్రానికి తాతముత్తాతల పేర్లు రాసిపెట్టిన దేశమే, మంద తోలిన గుర్రానికి తల్లి పేరు కూడా రాయలేదు. 1980ల్లో కొందరు అభిమానులు కదిలి, మధ్య ఆస్ట్రేలియాలో అడవిపాలై తిరుగుతున్న గుర్రాల్లోంచి పాత రక్తం మిగిలినవాటిని ఏరి నమోదు చేయడం మొదలుపెట్టారు. వాళ్లు చేసింది మంచి పనే. కానీ ఆ పుస్తకం దేశంలో 25 లక్షల గుర్రాలున్న నాడే తెరవాల్సింది.