యంత్రము మరువని ధ్వని

సూర్యాపేట నుండి జనగామకు పోవు బాటలో తిరుమలగిరి కలదు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రము వెలసినది. 1950లో హైదరాబాదులోని దక్కన్ రేడియో ఆకాశవాణిలో చేరినది. ఈ రెండు కేంద్రముల నడుమ నున్న ఆ సీమవారికి పాతకాలపు రేడియో పెట్టె గుణము తెలిసినదే. రాత్రి ఆపివేయునప్పుడు ముల్లు ఎచ్చట నిలిచెనో, తెల్లవారి చూచినను అచ్చటనే యుండెడిది. ఆ ముల్లును లాగు దారమే పెట్టెకు జ్ఞాపకము.

కంప్యూటరు సంగతి వేరు. ధ్వని ఎంత యుండవలెను, ఏ ద్వారమున వెలువడవలెను అనునవి అందు కేవలము అంకెలు. విద్యుత్తు పోయినచో అంకెలు చెరిగిపోవును. కనుక జ్ఞాపకమును వేరుగా కల్పింపవలసి వచ్చెను. లినక్సు వ్యవస్థలో ఆ కల్పన ఎట్లు జరిగినదో ఇచట వివరింతుము.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించెను. మరుసటి యేడే ఆ దేశస్థుడగు హాన్ను సవొలైనెన్ దానికి ధ్వనిసాధనములను నడుపు ప్రోగ్రామును సమకూర్చెను. అది పిదప ఓపెన్ సౌండ్ సిస్టమ్‌గా ప్రసిద్ధి కెక్కినది. 1998లో చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా ‘అల్సా’ అను నూతన వ్యవస్థకు పూనుకొనెను. 2003 డిసెంబరులో వెలువడిన లినక్సు 2.6తో అదియే ప్రధానస్థాన మందినది.

అల్సాలో ధ్వనిమార్గములు మొదట మూసియుండును. మనము తెరచిన సంగతిని భద్రపరచనిచో, యంత్రము మరల మేల్కొన్నప్పుడు మౌనమే మిగులును. అందులకే ‘అల్సా సీటీఎల్’ అను ఉపకరణము పుట్టినది. యంత్రము ఆగునప్పుడు అది అమరికలను ‘అసౌండ్.స్టేట్’ అను దస్త్రమున వ్రాయును. మేల్కొన్నప్పుడు చదివి, వానిని యథాస్థానమున నిలుపును. కాని ఉరుముల వానకు తిరుమలగిరిలోనైనను, హైదరాబాదులోనైనను కరెంటు హఠాత్తుగా పోవుట కద్దు. అప్పు డా వ్రాత జరుగదు. పాత అమరికయే తిరిగివచ్చును. కనుక అమర్చిన వెంటనే నిర్వాహకాధికారముతో ‘స్టోర్’ అను ఆజ్ఞ నిచ్చుట క్షేమము.

రెండవ చిక్కు సాధనముల వరుసది. యంత్రమునందు స్పీకర్లకు పోవు మార్గ మొకటి, తెరకు పోవు హెచ్‌డీఎంఐ మార్గ మొకటి యుండును. కనుగొన్న వరుసను బట్టి వానికి సున్న, ఒకటి యని అంకెలు వచ్చును. వరుస తారుమారైనచో నిన్నటి సున్న నేడు ఒకటి యగును; పాట తెరవైపు పోయి వినబడకుండును. ఇంటి నంబరు మారవచ్చును గాని ఇంటిపేరు మారదు గదా! సాధనమును అంకెతో గాక పేరుతో పిలుచుటయే దీనికి మందు.

2004లో లెన్నార్ట్ పొట్టరింగ్ ఆరంభించిన పల్స్ఆడియో సాధనములను పేరుతోనే గుర్తించి, దేని ధ్వనిస్థాయిని దానికి జ్ఞాపక ముంచుకొనెను. 2007లో అది ఫెడోరా 8లో నెలకొన్నది. పిమ్మట విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34లో దాని స్థానమును గైకొనెను. పైప్‌వైర్‌కు తోడగు వైర్‌ప్లంబర్, వాడువారు ఎంచిన ద్వారమును వారి సొంత దస్త్రములలోనే పదిలపరచును.

ఇది చిన్న చిక్కే యని కొందరు తలపవచ్చును. చూపు లేని వారి స్థితి నాలోచింతము. 2005లో హైదరాబాదున స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్సును వెలువరించినది. లినక్సులో ఓర్కా అను ప్రోగ్రాము తెరమీది అక్షరములను చదివి వినిపించును. ఈ-స్పీక్ అను ప్రోగ్రామునకు తెలుగు పలుకు కలదు. చూపు లేని వారికి ఈ పలుకే కన్ను. ఒక ఉదయమున ధ్వని స్పీకరు లేని తెరకు మరలిపోయినచో, తక్కినవారు చూచి సరిదిద్దుకొందురు. వీరికి సరిదిద్దుకొను సాధనమే ధ్వనితో పాటు పోయినది. పక్క ఇంటివారిని పిలువక తప్పదు.

అందుచే ఈ ముప్పది యేండ్ల కృషిని మేము కేవలము సౌకర్యముగా నెంచము. నిన్న మనిషి చేసిన ఎంపికను నేడు యంత్రము మన్నించుట, ఒకరిపై నాధారపడక బ్రతుకగోరు వారికి హక్కు వంటిది. బడులలో, గ్రంథాలయములలో లినక్సు యంత్రములను నెలకొల్పువారు ధ్వనిని అమర్చిన పిదప, యంత్రము నొకమారు ఆపి, మరల నడిపి, వినబడుచున్నదో లేదో పరీక్షించిన గాని పని ముగిసినదని తలపరాదు.